గాడిద మామ వీపు మీద చోటు

అనగనగా ఒక అడవిలో ఒక ఇప్పచెట్టు. ఆ ఇప్పచెట్టు తొర్రలో ఒక అక్క, ఒక తమ్ముడు. అక్క పేరు చారలక్క, తమ్ముడి పేరు గుప్పన్న. ఇద్దరూ ఉడుతలే. అమ్మా నాన్నా లేరు కాబట్టి తమ్ముణ్ణి పెంచి పెద్ద చేసింది అక్కే.

చారలక్కకి ఒక వెనకకాలు పనిచేయదు. ఎందుకో చెబుతాను వినండి. గుప్పన్న ఇంకా కళ్ళు కూడా సరిగ్గా తెరవని పసికూనగా ఉన్నప్పుడు పెద్ద గాలివాన వచ్చింది. వాడు కొమ్మ మీంచి జారాడు. అక్క ఒక్క దూకు దూకి వాణ్ణి నోట కరుచుకుంది. తమ్ముడికి గీత కూడా పడలేదు. కానీ విరిగిన కొమ్మ ఒకటి వచ్చి అక్క కాలి మీద పడింది. అప్పటినుంచి ఆమె ఆ చెట్టు దాటి ఎక్కడికీ పోలేదు.

కాలు కదలకపోయినా, ఆమె చెవులు మాత్రం దేశమంతా తిరిగేవి. దారినపోయే పక్షుల్ని ఆపి, "ఏం చూశారమ్మా? ఎలా ఉందమ్మా?" అని అడిగేది. పాలధార అనే జలపాతం గురించి, తామర మడుగులో కప్పల పాటకచేరీ గురించి, అన్నిటికన్నా చివర ఉండే సముద్రం గురించి వింటూ కూర్చునేది. ఆ దేశం చిన్నదా చితకదా? ఒక మూల వాన పడుతుంటే ఇంకో మూల ఎండ మండిపోతుండేది. అంత పెద్ద దేశం.

వానలు వెనకబట్టాయి. చలి ఇంకా మొదలవలేదు. ఒక రోజు చారలక్క తమ్ముణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుంది.

"ఒరే గుప్పా, ఉడుతల ఆయుష్షు ఎంతరా? ఏవో నాలుగైదు వానాకాలాలు. నాకు నాలుగు అయిపోయాయి. ఈ దేశం ఎలా ఉంటుందో తెలుసుకోకుండానే పోతానేమోనని బెంగగా ఉందిరా. నువ్వు వెళ్ళి చూసి రా. వచ్చి నాకు చెప్పు. నువ్వు చెబితే నేను చూసినట్టే."

గుప్పన్నకి గుండె బరువెక్కింది. "అలాగే అక్కా. అన్నీ తెస్తాను చూడు" అన్నాడు.

"తేవడం కాదురా, చెప్పడం" అంది అక్క.

ఆ మాట వాడు పెడచెవిన పెట్టాడు. ఎందుకంటే ఉడుతల ఇళ్ళల్లో ఒక ఆచారం ఉంది. ఎక్కడికెళ్ళినా చేతులూపుకుంటూ ఇంటికి రాకూడదు. గింజో కాయో, కనీసం ఒక ఎండుపుల్లో పట్టుకురావాలి. మంచి ఆచారమే. కానీ ఏ ఆచారమైనా ఎక్కడ పాటించాలో తెలిసుండాలి కదా!

గుప్పన్న టేకాకులతో ఒక సంచి కుట్టుకున్నాడు. దాని అడుగున పన్నెండు వేరుశెనక్కాయలు వేసుకున్నాడు. జలపాతం చూడాలంటే ఎవరికైనా ఏదైనా ఇచ్చుకోవాలేమోనని వాడి భయం. అక్క పాదాలకి దండం పెట్టి బయల్దేరాడు.

అడవి దాటగానే బాట మీద ఒక గాడిద కనిపించాడు. పేరు సింగన్న. పన్నెండేళ్ళు చాకిరేవుకి బట్టల మూటలు మోశాడు. ముసలివాడయ్యాడని యజమాని కట్టు విప్పి వదిలేశాడు. పాపం అనుకుంటున్నారా? ఏమీ అక్కర్లేదు. సింగన్న తోక ఊపుకుంటూ, కూనిరాగం తీస్తూ నడుస్తున్నాడు.

"ఎక్కడికి మామా?" అని అడిగాడు గుప్పన్న.

"ఎటు బుద్ధి పుడితే అటు అల్లుడూ. పన్నెండేళ్ళూ ఇంటికీ రేవుకీ మధ్య తిరిగాను. ఇప్పుడు దేశం చూస్తున్నాను. ఖాళీ వీపుతో నడవడంలో ఎంత సుఖముందో నీకేం తెలుసు! ఎక్కు నా మీద. నీలాంటి పిడికెడు ప్రాణి బరువేంటి?"

గుప్పన్న సంతోషంగా సంచితో సహా ఎక్కబోయాడు.

"ఆగాగు. నువ్వు ఎక్కు. మూట దించు. మనిషినైనా జంతువునైనా మోస్తాను గానీ మూట మాత్రం ఈ జన్మలో మోయను. ఒట్టు పెట్టుకున్నాను."

అప్పటికి సంచి చిన్నదే. భుజాన వేసుకుని పక్కన నడుద్దాంలే అనుకున్నాడు గుప్పన్న. అక్క దేశం చూసి రమ్మని పంపిందని మామకి చెప్పాడు. ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ మూడు రోజుల్లో పాలధార చేరారు.

అబ్బ! కొండ మీంచి పాలకుండ ఒలికినట్టు నీళ్ళు దూకుతున్నాయి. చప్పుడుకి నేల అదురుతోంది. బండ మీద ఒక కొండముచ్చు కూర్చుని పేలు చూసుకుంటున్నాడు. గుప్పన్న వెళ్ళి భయంగా ఒక వేరుశెనక్కాయ చాచాడు.

"ఇదెందుకురా?" అన్నాడు కొండముచ్చు.

"చూడ్డానికి, బాబాయ్."

కొండముచ్చు పొట్ట పట్టుకుని నవ్వాడు. "నీళ్ళు దూకుతున్నాయి, నువ్వు చూస్తావు. మధ్యలో నాకెందుకురా వేరుశెనక్కాయ? ఊరికే చూడు. తనివితీరా చూడు. ఇంకాసేపట్లో ఎండ ఆ బండ దాటుతుంది. అప్పుడు నీళ్ళ మీద హరివిల్లు పడుతుంది. ఇలా వచ్చి అలా పోతుంది. తల తిప్పకు."

"ఊరికేనా? అంతా ఊరికేనా?" గుప్పన్న మీసాలు నిక్కబొడుచుకున్నాయి.

అదిగో, అక్కడే వాడి బుర్ర దారి తప్పింది. ఊరికే చూడమంటే, ఊరికే తీసుకోమన్నట్టు వినిపించింది వాడికి. నవ్వకండి. పోయిన పెళ్ళిలో తాంబూలం సంచులు ఊరికే ఇస్తున్నారని మూడుసార్లు వరసలో నిలబడిందెవరో నాకు తెలుసు!

నీళ్ళ అడుగున గులకరాళ్ళు మెరుస్తున్నాయి. ఒకటి ఎర్రది, ఒకటి పచ్చది, ఒకటి పిల్లి కన్నులాంటిది. గుప్పన్న తల వంచి ఏరడం మొదలుపెట్టాడు.

"అల్లుడూ, అదిగో హరివిల్లు!" అరిచాడు సింగన్న.

"ఉండు మామా, ఈ రాయి రావట్లేదు."

"ఇంత చక్కని చోటికి మీ అక్కని కూడా తీసుకురాలేకపోయావా? ఎందుకు రాలేదురా ఆవిడ?"

"తర్వాత చెబుతా మామా. ఆ పక్కన నీలం రాయి ఉంది, కాలితో ఇటు తోయవా?"

వాడు తలెత్తేసరికి హరివిల్లు పోయింది. సంచి మాత్రం నిండింది.

అక్కణ్ణుంచి దారి కష్టమైంది. రాళ్ళ మూటని నోట కరుచుకుంటే దవడలు లాగేస్తున్నాయి. తాడు కట్టి ఈడ్చుకెళ్ళాడు. సింగన్న ఖాళీ వీపుతో ముందు నడుస్తూ, "అల్లుడూ, చూడు ఆ జొన్నచేల మీద గువ్వల గుంపు! చూడు ఆ మబ్బు ఏనుగులా లేదూ?" అంటున్నాడు. గుప్పన్నకి తన ముందున్న జానెడు నేల తప్ప ఏమీ కనబడలేదు.

పాలధార నుంచి నాలుగో రోజు సాయంత్రం తామర మడుగు చేరారు. చిరుజల్లు పడుతోంది. గట్టు నిండా కుందేళ్ళు, కొంగలు, తాబేళ్ళు, నక్కలు. నక్క పక్కనే కుందేలు కూర్చుంది, చూడండి! కచేరీ అయ్యేవరకూ ఎవరూ ఎవర్నీ తినకూడదని అక్కడ కట్టడి. మడుగు మధ్యలో లావుపాటి కప్ప భాగవతారు గొంతు సవరించుకుంటున్నాడు.

గట్టు దగ్గర పెద్ద తామరాకులు దొంతరగా పేర్చి ఉన్నాయి.

"ఇవి ఎంత?" అని అడిగాడు గుప్పన్న.

"ఎంతేమిటి నాయనా? తలా ఒకటి తీసుకుని వేసుకుని కూర్చోవడమే" అంది తాబేలు.

గుప్పన్న ఒకటి తీసుకున్నాడు. ఎంత నున్నగా ఉందో! అక్కకి పక్క మీద పరిస్తే ఎంత మెత్తగా ఉంటుందో! ఇంకోటి తీసుకున్నాడు. చలికాలం వస్తోంది కదా, కప్పుకోవడానికి ఇంకోటి. తర్వాత లెక్క మర్చిపోయాడు. వెనకాల ఎవరో ముసలి కొంగమ్మ ఆకు కోసం చెయ్యి పెట్టేసరికి దొంతర ఖాళీ. పాపం, ఆవిడ కచేరీ అంతా బురదలో ఒంటికాలి మీద నిలబడి విన్నది.

పాటలు అయ్యాక కప్ప భాగవతారు కేకేశాడు. "దూరం నుంచి వచ్చినవాళ్ళు మీ ఊరు చెప్పండి. మీ ఊరి మీద పాట కడతాం. ఉడుతబ్బాయ్! మీదే ఊరు?"

ఉడుతబ్బాయి వినలేదు. మూతి బిగించి ఆకుల్ని మడతపెడుతున్నాడు.

"అల్లుడూ, నిన్నే! మీ అక్క ఉండుంటే ఎంత సంతోషించేదో. అసలు ఎందుకు రాలేదురా ఆవిడ?"

"ఉండు మామా, తాడు జారిపోతోంది."

భాగవతారు కాసేపు చూసి, కుందేళ్ళ ఊరి మీద పాట అందుకున్నాడు.

ఇక సముద్రం. పిల్లలూ, ఆ చివరి దారిలో గుప్పన్న తల ప్రాణం తోకకొచ్చింది. మూట గుమ్మడికాయంత అయింది. మెడ చుట్టూ తాడు ఒరుసుకుని పుండు పడింది. అయినా వదల్లేదు. "అంతా అక్కకే" అనుకుంటూ ఈడ్చాడు. ఆ ప్రేమలో అబద్ధం లేదు. అదే వచ్చిన చిక్కు.

తెల్లవారుజామున ఇసుక తగిలింది. ఉప్పగాలి తగిలింది. సింగన్న నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. నీళ్ళలోంచి సూర్యుడు పైకి వస్తున్నాడు.

గుప్పన్న అప్పటికే సముద్రానికి వీపు తిప్పి గవ్వలు ఏరుతున్నాడు.

బొరియలోంచి ఒక పీత తల బయటపెట్టింది. "ఇంత దూరం వచ్చి నా గుమ్మం ముందు చెత్త ఏరుకుంటావేంట్రా? అటు తిరుగు!"

"ఇవి కూడా ఊరికేనా పిన్నీ?"

"ఊరికే. అదిగో ఆ సముద్రం కూడా ఊరికే. అది పడుతుందా నీ సంచిలో?" అంది పీత.

"అల్లుడూ, తలెత్తరా ఒక్కసారి! మీ అక్క కోసమైనా తలెత్తు. ఇంతకీ ఆవిడ ఎందుకు..."

"ఉండు మామా!"

మూడుసార్లు అడిగాడు సింగన్న. మూడుసార్లూ జవాబు లేదు. ఇక అడగడం మానేశాడు.

తిరుగు ప్రయాణానికి పది రోజులు పట్టింది. గుప్పన్నని ఇంటిదాకా దింపి వెళ్దామని సింగన్న కూడా అడవిలోకి వచ్చాడు. చెట్టు కింద గడ్డి మేస్తూ నిలబడ్డాడు.

చారలక్క కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూస్తోంది. తమ్ముణ్ణి చూడగానే ఆమె మొహం వెలిగిపోయింది. "వచ్చావా నాన్నా! ఎంత చిక్కిపోయావురా! రా, కూర్చో. చెప్పు."

"చెప్పడమెందుకక్కా? చూడు!" అని గుప్పన్న మూట విప్పాడు.

గులకరాళ్ళు బయటపడ్డాయి. నీళ్ళలో మెరిసినవి ఇప్పుడు తడారి మామూలు రాళ్ళలా ఉన్నాయి. తామరాకులు నల్లబడి, పట్టుకుంటే పొడిపొడిగా రాలిపోయాయి. గవ్వలు కంపు కొడుతున్నాయి.

చారలక్క వాటిని పక్కకి జరిపింది. నెమ్మదిగానే జరిపింది.

"బాగున్నాయిరా. అది సరే, పాలధార ఎలా చప్పుడు చేస్తుంది?"

గుప్పన్న ఒక గులకరాయి తీసి అటూ ఇటూ తిప్పాడు.

"పోనీ, కప్పలు ఏం పాట పాడాయి?"

"పాడాయక్కా... బాగానే పాడాయి."

"సముద్రం ఏ రంగులో ఉంది?"

గుప్పన్నకి గుర్తున్నది ఒక్కటే.

"ఇసుక రంగులో ఉందక్కా."

అక్క వాడి మెడ మీద పుండునే చూసింది. దాన్ని మెల్లగా నాకి, "అలిసిపోయావు, పడుకో తమ్ముడూ" అంది. అని అటు తిరిగి, తొర్రలోంచి కనబడే ఆ కాస్త ఆకాశం వైపు చూస్తూ కూర్చుంది.

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. రెండు దెబ్బలు వేసినా బాగుండేది. గుప్పన్నకి ఒక్కసారిగా ఏడుపు ముంచుకొచ్చింది.

"అక్కా, నువ్వు నాకు నీ కళ్ళు ఇచ్చి పంపావు. నేను చేతులు మాత్రమే పట్టుకెళ్ళాను. నేను ఏమీ చూడలేదక్కా! నీ కోసమని ఏరుతూ ఏరుతూ, నువ్వడిగింది ఒక్కటీ తేలేదు!"

ఆ ఏడుపు విని సింగన్న మెడ చాచి తొర్రలోకి తొంగిచూశాడు. ఏడుస్తున్న తమ్ముడు కనిపించాడు. పక్కనే అక్క కనిపించింది. ఆమె వంకరపోయిన కాలు కనిపించింది.

"ఓరి నీ అసాధ్యం గూల! ఇదా సంగతి?" అన్నాడు సింగన్న. "మీ అక్క ఎందుకు రాలేదని మూడుసార్లు అడిగాను కదరా! కాలు పనిచేయదని ఒక్క ముక్క చెబితే మొదటిరోజే వెనక్కి తిరిగి ఉండేవాళ్ళం. నా వీపు ఎందుకుంది?"

గుప్పన్న ఏడుపు ఆగిపోయింది. "కానీ మామా, నువ్వు బరువు మోయనని ఒట్టు పెట్టుకున్నావు కదా?"

"మూట మోయనన్నానురా. చుట్టాన్ని మోయనన్నానా?"

ఇరవై రోజులు గుప్పన్న ఆ వీపు పక్కనే నడిచాడు. దాని మీద మూటకి చోటు దొరుకుతుందా అనే చూశాడు. అక్కకి చోటుందని ఒక్కసారి కూడా తోచలేదు. వాడికి సిగ్గుతో తల కిందికి వాలిపోయింది.

"దిగాలుపడింది చాల్లే" అన్నాడు సింగన్న. "చలి ముదరకముందే బయల్దేరదాం. అమ్మాయ్, వస్తావా?"

చారలక్క తల ఊపింది. ఒకటికి పదిసార్లు ఊపింది.

గుప్పన్న మళ్ళీ మూట కట్టాడు. ఈసారి ఎవరివి వాళ్ళకి ఇచ్చేయడానికి. పాలధార దగ్గర రాళ్ళన్నీ నీళ్ళలోకి ఒంపేశాడు. అవి మళ్ళీ మెరిశాయి. కొండముచ్చు చెప్పిన వేళకి హరివిల్లు పడింది. అక్కా తమ్ముడూ ఊపిరి బిగబట్టి చూశారు. తామర మడుగులో ఆ ఏటికి అదే చివరి కచేరీ. గుప్పన్న పొద్దుటినుంచీ కొత్త ఆకులు కోసి దొంతర పేర్చాడు. ముసలి కొంగమ్మకి తనే ఆకు పరిచి, "తప్పయిపోయింది అమ్మమ్మా, కూర్చో" అన్నాడు. కప్ప భాగవతారు, "మీదే ఊరు?" అనగానే చారలక్క గొంతెత్తి, "ఇప్పచెట్టు!" అంది. కప్పలన్నీ కలిసి ఇప్పచెట్టు మీద పాట కట్టాయి. ఆమె నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

చివరికి సముద్రం.

ఎర్రటి ఎండ నీళ్ళ మీద పరుచుకుంటోంది. చారలక్క సింగన్న మెడ మీద కూర్చుని చాలాసేపు చూసింది. తర్వాత, "నన్ను దింపరా గుప్పా. నేను నిలబడి చూడాలి" అంది.

గుప్పన్న మిగిలిన గవ్వల్ని పీత గుమ్మం ముందు పోసి, సంచి పడేసి పరిగెత్తాడు. అక్కని దించాడు. అలల దగ్గర ఇసుక కాళ్ళ కిందనుంచి జారిపోతుంది కదా! మూడు కాళ్ళ మీద ఆమె నిలవలేకపోయింది. గుప్పన్న రెండు చేతులతో ఆమెని గట్టిగా పట్టుకున్నాడు.

అల వచ్చింది. వాడి కాలి దగ్గర ఒక గవ్వని దొర్లించింది. అలాంటి గవ్వని వాడు అంతకుముందు చూడలేదు. లోపల గులాబీ రంగు, బయట పులి చారలు. గుప్పన్న దాన్ని చూశాడు. "ఎంత బాగుందో చూడక్కా" అన్నాడు. ఆమె చూసింది. వాడి చేతులు కదల్లేదు. ఇంకో అల వచ్చి గవ్వని తీసుకుపోయింది.

"ఒరే గుప్పా," అంది చారలక్క, "సముద్రం ఇసుక రంగులో లేదురా."

"లేదక్కా," అన్నాడు తమ్ముడు. ఈసారి వాడు కూడా చూశాడు.

ఆ తర్వాత అక్కా తమ్ముడూ ఇప్పచెట్టుకి చేతులూపుకుంటూ తిరిగొచ్చారు. ఆ చలికాలమంతా అడవిలోని పిల్లలు తొర్ర చుట్టూ చేరి, చారలక్క చెప్పే సంగతులు విన్నారు. ఆమె ఎక్కడైనా ఆగితే గుప్పన్న అందుకునేవాడు. చెట్టు కింద పడుకున్న సింగన్న మధ్యమధ్యలో కప్పల పాట అందుకునేవాడు. అప్పుడు మాత్రం పిల్లలందరూ చెవులు మూసుకునేవారు.

నీతి: లోకం ఊరికే ఇచ్చే అందాన్ని కళ్ళారా చూడాలి, మూట కట్టుకోవాలని చూడకూడదు. చేతులు ఖాళీగా ఉంచుకుంటేనే మనవాళ్ళని పట్టుకోగలం.